నీళ్ళగ్లాసు పరీక్ష

పాలకొల్లు బస్టాండు వెనక పరుపుల కొట్లో
మీరావలి గ్లాసుడు నీళ్ళు తెచ్చి
పరుపు నడిమధ్యన పెట్టాడు.
"ఇటు మీరు పడుకోండమ్మా,
అటు సారు దొర్లుతారు.
చుక్క తొణికితే కొనకండి."

సారు దొర్లడానికి సిగ్గుపడ్డాడు.
మా బుల్లబ్బాయిగారు పగలు
నలుగురిలో చెయ్యి కూడా ఊపని మనిషి.
రాత్రయితేనే
వలలో పడ్డ బొచ్చె.

పదకొండేళ్ళుగా చూస్తున్నాను.
నిద్రలో చెరువుగట్టు మీద పరిగెత్తుతాడు,
ఆ గట్టు నా నడుమే.
"కరెంటు పోయింది, జనరేటరెయ్యండ్రా" అని
నా చెవిలోనే కేకేస్తాడు.
కరెంటు ఉంటుంది. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.
అయినా లేచి కిటికీ దగ్గర నిలబడి
చెరువు మీద ఏరియేటర్లు
నాలుగూ మోగుతున్నాయని లెక్క తేలితేగాని
మళ్ళీ పక్క ఎక్కడు.

ఒక్కసారి నిజంగానే పోయింది లెండి.
శ్రావణం, ముసురు, తెల్లవారుజాము.
డీజిలు క్యాను ఖాళీ.
వెలుగొచ్చేసరికి గట్టు పొడుగునా
తెల్లగా తేలిన రొయ్య.
ఆ ఏడు నా గాజులు బ్యాంకుకెళ్ళాయి, రసీదుంది.
ఆయన నిద్ర ఎక్కడికెళ్ళిందో
దానికి రసీదు లేదు.

ఇంట్లోది బూరుగుదూది పరుపు.
మా పెళ్ళికి మీరావలి నాన్నే
దూదేకి కుట్టిచ్చాడు.
ఇప్పుడు మధ్యలో గొయ్యి.
ఎవరు కదిలినా ఇద్దరం అందులోకే,
చేలో నీళ్ళు బోదెలోకి జారినట్టు.
భీమవరం డాక్టరు నా నడుం ఫొటో తీసి
పరుపు మార్చమన్నాడు.
మొగుణ్ణి మార్చమన్లేదు, అదే పదివేలు.

కొబ్బరిపీచుది చూశాం.
"మన కోనసీమ పీచేనండి" అన్నాడు.
మన గట్టు మీద పడుకున్నట్టే ఉంది కూడా.
స్ప్రింగులది చూశాం.
ఆయన మోచెయ్యి ఆనించాడో లేదో
పంటు ఎక్కినట్టు ఊగాను,
గ్లాసు బోర్లా పడింది.

తర్వాత మెమరీ ఫోమట.
అరచెయ్యి నొక్కి తీస్తే
వేళ్ళతో సహా కాసేపు ఉండిపోయింది.
ఏం గుర్తుపెట్టుకుంటుందయ్యా ఇది?
"మీ బరువమ్మా."

దానిమీద ఆయన దొర్లాడు.
సిగ్గు వదిలి కాళ్ళు కూడా ఝాడించాడు.
నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.
నేను కళ్ళు మూసుకున్నాను.
తెరిచేసరికి పక్కన లేడు,
గుమ్మంలో ఫోను పట్టుకుని
మేత బస్తా ధర మీద గొడవపడుతున్నాడు.
ఎప్పుడు లేచాడో నాకు తెలీలేదు.
"చూశారా!" అన్నాడు మీరావలి.
చూశాను.

ఇరవై ఆరు వేలు చెప్పి ఇరవై రెండుకి దిగాడు,
దిళ్ళు రెండు ఊరికే.
ట్రాలీ ఆటోకి తాళ్ళేసి కట్టి
కాలవగట్టెమ్మట తెస్తుంటే
లాకుల దగ్గర మట్ట గీసుకుని కవరు చిరిగింది.
పాతది పారెయ్యనివ్వలేదాయన.
చెరువు షెడ్డులో
కాపలా సుందర్రావుకి పనికొస్తుందన్నాడు.

మొదటి రాత్రి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను.
రెండో రాత్రీ అంతే.
నడుం నొప్పి సగం దిగింది, అబద్ధమెందుకు.

మూడోనాడు పాలకొచ్చి సుందర్రావు అన్నాడు:
"రెండ్రోజుల్నించీ రాత్రి రెండింటికొచ్చి
నన్ను మడతమంచం మీదకి తోలి
ఆ గోతిలో పడుకుంటన్నారండి బుల్లబ్బాయిగారు.
ఒకటే గురక, ఆయ్.
కాలు కదిపితే ఒట్టు."

అక్కడ ఏరియేటర్లు తలగడ పక్కనే కదా మరి.
లేచి వినక్కర్లేదు.

ఇప్పుడు రెండింటికి మెలకువ నాది.
పక్కన ఆయనంత పల్లం
ఇంకా పూర్తిగా పూడలేదు,
చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది.
లేచి కిటికీ తీస్తాను.
ఒకటి. రెండు.
మూడు.
నాలుగోది,
గాలి అటు మళ్ళినట్టుంది,
ఉండండి.